సర్వర్ ఆపకుండా బస్ స్పీడ్ చూడటం ఎలా? రెండు 25జీ పోర్టులు కలిపితే 26 దగ్గరే ఆగిపోతోంది

రాత్రి_కాపలా
అందరికీ నమస్కారం. మా బ్యాకప్ సర్వర్‌లో పోయిన వారం రెండు పోర్టుల 25జీ నెట్‌వర్క్ కార్డు వేశాం. నెట్‌వర్క్ వేగం కొలిచే ఐపెర్ఫ్3తో ఒక్కో పోర్టు విడిగా చూస్తే 23.4 గిగాబిట్లు వస్తోంది, దానికి వంక పెట్టడానికి లేదు. రెండూ ఒకేసారి నడిపితే మాత్రం కలిపి 26 దాటట్లేదు, చెరో 13 చొప్పున పంచుకుంటున్నాయి. స్విచ్ చూసేవాళ్లు తమ వైపు ఏమీ లేదంటున్నారు. కేబుళ్లు మార్చాం, డ్రైవర్ కొత్తది ఎక్కించాం, ఎంటీయూ (ఒక్క ప్యాకెట్ గరిష్ఠ సైజు) 9000 పెట్టి చూశాం, కలిపి వచ్చే అంకె కదల్లేదు. ఇక మిగిలింది బస్సే, అంటే కార్డుకీ ప్రాసెసర్‌కీ మధ్య డేటా దారే అనిపిస్తోంది. ఈ సర్వర్‌ని ఆపడానికి లేదు, రాత్రంతా బ్యాకప్ నడుస్తుంది, పగలు ఎవరో ఒకరు రీస్టోర్ అడుగుతూనే ఉంటారు. మూత తీయకుండా, రీబూట్ చేయకుండా, కార్డు ఇప్పుడు ఏ స్పీడులో ఎన్ని లేన్ల (ఆ దారిలోని వరసల) మీద నడుస్తోందో తెలుసుకునే దారి ఉందా? హార్డ్‌వేర్ వివరాలు చూపే డీఎంఐడీకోడ్‌లో స్లాటు ఎక్స్16 (పదహారు లేన్లు) పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3 అని ఉంది, కార్డు ఎక్స్8ది, అంటే సరిపోవాలి కదా.

లేన్_లెక్క
దారి ఉంది, లినక్స్ అయితే రెండు నిమిషాల పని. ముందు ఈథ్‌టూల్ -ఐ కొట్టి ఇంటర్‌ఫేస్ పేరు ఇవ్వండి, బస్-ఇన్ఫో అన్న లైనులో కార్డు అడ్రస్ వస్తుంది. ఆ అడ్రస్‌తో రూట్ (అన్ని అధికారాలున్న) యూజర్‌గా ఎల్‌ఎస్‌పీసీఐ -వీవీ -ఎస్ నడపండి. బోలెడు లైన్లు వస్తాయి, వాటిలో మీకు కావలసినవి రెండే: లింక్ క్యాప్, లింక్ స్టా. తెరమీద లింక్ అన్న మాటని ఎల్‌ఎన్‌కే అని కుదించి చూపిస్తుంది, కంగారు పడొద్దు. మొదటిది ఆ కార్డుకు ఎంతవరకు చేతనవుతుందో చెబుతుంది, రెండోది అవతలి కొసతో మాట్లాడుకుని చివరికి ఎంతకు కుదుర్చుకుందో చెబుతుంది. మనకు రెండోదే ముఖ్యం.

డీఎంఐడీకోడ్ ఈ విషయంలో సాక్ష్యానికి పనికిరాదు. బూట్ అయ్యేటప్పుడు బయోస్ ఒక పట్టిక రాసిపెడుతుంది, అది ఆ పట్టికను చదివి వినిపిస్తుంది, అంతే. స్లాటు ఏ రకమో చెబుతుంది గానీ లింక్ మీద ఇప్పుడు ఏం నడుస్తోందో దానికి తెలియదు.

కొత్త_అడ్మిన్
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాకు కొన్ని సర్వర్లలో రూట్ ఇవ్వలేదు. అక్కడ ఇదే కమాండ్ కొడితే కెపబిలిటీస్ దగ్గర యాక్సెస్ డినైడ్ అని వస్తోంది, లింక్ లైన్లే కనబడట్లేదు. ఇంకో సందేహం, నడుస్తున్న సర్వర్ మీద ఇది కొట్టడం వల్ల ఏమీ కాదు కదా? ప్రొడక్షన్ అనగానే నాకు టెన్షన్.

లేన్_లెక్క
రూట్ లేకపోయినా పర్లేదు. సిస్ ఫోల్డర్ కింద బస్, దాని కింద పీసీఐ, డివైసెస్, ఆపైన కార్డు అడ్రస్ పేరుతో ఫోల్డర్ ఉంటుంది. అందులో కరెంట్_లింక్_స్పీడ్, కరెంట్_లింక్_విడ్త్, మ్యాక్స్_లింక్_స్పీడ్, మ్యాక్స్_లింక్_విడ్త్ అని నాలుగు ఫైళ్లు ఉంటాయి. క్యాట్ చేస్తే చాలు, ఎవరైనా చదవొచ్చు. కెర్నల్ 4.13 నుంచి, అంటే 2017 నుంచి ఇవి ఉన్నాయి, మరీ పాత డిస్ట్రో అయితేనే దొరకవు.

ప్రమాదం సంగతి: -వీవీతో చదవడం మామూలు పనే, నేను లోడు మీద ఉన్న సర్వర్లలో రోజూ చేస్తాను. కానీ ఎల్‌ఎస్‌పీసీఐకి -ఎక్స్ఎక్స్ఎక్స్ అని మూడు ఎక్స్‌లు పెట్టి మొత్తం కాన్ఫిగ్ స్పేస్ దులపడం వేరు. కొన్ని పరికరాలు కొన్ని చోట్ల చదివితేనే పడిపోతాయని దాని మాన్యువల్ పేజీలోనే హెచ్చరిక ఉంది. నడుస్తున్న దాని మీద అది వద్దు.

రాత్రి_కాపలా
అన్నా, వచ్చింది. అడ్రస్ 0000:18:00.0. లింక్ క్యాప్‌లో స్పీడ్ 8జీటీ/ఎస్, విడ్త్ ఎక్స్8. లింక్ స్టాలో స్పీడ్ 8జీటీ/ఎస్, ఓకే అని ఉంది. విడ్త్ మాత్రం ఎక్స్4, పక్కనే డౌన్‌గ్రేడెడ్ అని రాసుంది. రెండో పోర్టు 18:00.1లో కూడా అచ్చం ఇదే.

లేన్_లెక్క
దొరికింది. ఇక లెక్క చూడండి, మీ 26 ఎక్కడి నుంచి వచ్చిందో తేలిపోతుంది.

మూడో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో ఒక్కో లేను సెకనుకు 8 గిగా ట్రాన్స్‌ఫర్లు చేస్తుంది. పంపే ప్రతి 130 బిట్లలో 128 మాత్రమే మన డేటా, కాబట్టి లేనుకు 7.88 గిగాబిట్లు మిగులుతాయి. ఎనిమిది లేన్లుంటే 63, నాలుగే ఉంటే 31.5. ఆ 31.5 కూడా మొత్తం మీ చేతికి రాదు. బస్ మీద డేటా ముక్కలు ముక్కలుగా వెళ్తుంది, లింక్ స్టాకు కాస్త పైన మ్యాక్స్‌పేలోడ్ అని చూడండి, మీది బహుశా 256 బైట్లు ఉంటుంది. ప్రతి 256 బైట్ల ముక్కకూ హెడరు, వరస నంబరు, సీఆర్‌సీ (తప్పులు పట్టే అంకె) తగులుతాయి. అవతలి నుంచి ముట్టిందని వచ్చే జవాబులు, కార్డు తన డిస్క్రిప్టర్ల కోసం చేసే రాకపోకలు అదనం. అవన్నీ పోను నెట్‌వర్క్‌కు 26, 27 మిగలడం సరిగ్గా జరగాల్సిందే. రెండు పోర్టులున్నా కార్డు ఒకటే, బస్ లింకూ ఒకటే. ఒక్క పోర్టు 23.4 దగ్గర ఆ లింకులో సుఖంగా పట్టేసింది, అందుకే విడిగా చూసినప్పుడు మీకు తేడా తెలియలేదు.

అన్నట్టు మీ ఐపెర్ఫ్3 ఏ వెర్షన్? 3.16కి ముందువి -పీ పెట్టి ఎన్ని స్ట్రీములు అడిగినా అన్నీ ఒకే థ్రెడ్డులో నడుపుతాయి, ఒక కోర్ నిండిపోతే అదే అడ్డు అనిపిస్తుంది.

రాత్రి_కాపలా
3.9. కానీ పోర్టుకొకటి చొప్పున రెండు ప్రాసెస్‌లు వేరువేరుగా నడిపాను, టాప్‌లో ఏ కోరూ వందకు చేరలేదు.

లేన్_లెక్క
మంచిది, అయితే ఆ అనుమానం కొట్టేయండి.

పాత_యూనిక్స్
ఇది చదువుతుంటే ఎక్స్‌ప్రెస్‌కు ముందున్న పీసీఐ-ఎక్స్ రోజులు గుర్తొచ్చాయి. అప్పుడు హెచ్‌పీ-యూఎక్స్‌లో ఓల్‌రాడ్ -క్యూ కొడితే ప్రతి స్లాటుకూ గరిష్ఠ స్పీడు ఒక కాలమ్‌లో, ఇప్పుడు నడుస్తున్న స్పీడు పక్క కాలమ్‌లో వచ్చేది. ఆ రెండు కాలమ్‌లు పక్కపక్కన పెట్టడం ఎంత మేలో అది వాడినవాళ్లకే తెలుసు. సోలారిస్‌లో పీఆర్‌టీడయాగ్ -వీ. ఇప్పటికీ ఫ్రీబీఎస్‌డీ వాడేవాళ్లకు పీసీఐకాన్ఫ్ -ఎల్‌సీ ఉంది, అందులో ఎక్స్4 అని రాసి పక్కన బ్రాకెట్లో ఎక్స్8 చూపిస్తుంది, నడుస్తున్నది బయట, చేతనైనది లోపల.

ఆ కాలంలో బస్ అంటే నిజంగా ఉమ్మడి రోడ్డే. 64 బిట్ల వెడల్పు, 133 మెగాహెర్ట్జ్, మొత్తం 1066 మెగాబైట్లు, దాన్నే అందరూ పంచుకోవాలి. 133లో నడుస్తున్న కార్డు పక్కన అదే బస్ మీద 66ది గుచ్చితే రెండూ 66కి దిగిపోయేవి. ఒకసారి మా దగ్గర టేప్ డ్రైవ్ కోసం పాత స్కజీ కార్డు పక్క స్లాటులో పెట్టారు, మర్నాటి నుంచి డేటాబేస్ డిస్కులు నీరసించిపోయాయి. డిస్కుల వైపు నాలుగు రోజులు వెతికాం. ఓల్‌రాడ్ చూడమని ఒకాయన చెప్పాడు, చూస్తే రెండు స్లాట్లూ 66. ఎక్స్‌ప్రెస్‌లో ఆ బాధ లేదు, ఏ స్లాటు లింకు దానిదే, పక్క కార్డు నెమ్మదిదైనంత మాత్రాన మన స్పీడు తగ్గదు. అందుకే మీ విషయంలో కారణం ఆ లింకు రెండు కొసల మధ్యే ఉంది. ఇవతలి కొస చూశారు, అవతలి కొస చూడండి.

లేన్_లెక్క
పెద్దాయన చెప్పిందే నేనూ రాయబోతున్నాను. ఎల్‌ఎస్‌పీసీఐ -టీవీ కొడితే చెట్టులా గీసి చూపిస్తుంది. అందులో 18:00.0 ఏ బ్రిడ్జి (లింకు అవతలి కొస) కింద వేలాడుతోందో చూసి, ఆ బ్రిడ్జి అడ్రస్ మీద మళ్లీ -వీవీ నడపండి. దాని లింక్ క్యాప్ ఎంత ఉందో అదే మనకు తేల్చి చెబుతుంది. అది ఎక్స్8 గానీ ఎక్స్16 గానీ అయితే రెండు కొసలకూ చేతనై ఉండి కూడా నాలుగు లేన్లే కలిశాయన్నమాట. అప్పుడు కార్డు సరిగ్గా కూర్చోకపోవడం, కాంటాక్టుల మీద మురికి, రైజర్ (స్లాటుకూ కార్డుకూ మధ్య ఉండే బోర్డు) వదులు, ఇలాంటివి. అది ఎక్స్4 అని ఉంటే మాత్రం కార్డును ముట్టుకునే పనే లేదు, అవతలి వాడి దగ్గరే నాలుగున్నాయి.

వేగం_కావాలి
ఇంత దేనికి బాస్, సెట్‌పీసీఐతో బ్రిడ్జి లింక్ కంట్రోల్ రిజిస్టర్‌లో రీట్రెయిన్ బిట్ వేసేయండి, రీబూట్ లేకుండా లింకు మళ్లీ మాట్లాడుకుంటుంది. నేను ఇంట్లో మెషిన్ మీద చాలాసార్లు చేశాను.

లేన్_లెక్క
దయచేసి నడుస్తున్న బ్యాకప్ సర్వర్ మీద అది చేయకండి. చదవడం వేరు, రాయడం వేరు. సెట్‌పీసీఐ మీరు ఇచ్చిన విలువను ఏ ప్రశ్నా అడగకుండా నేరుగా పరికరంలో రాసేస్తుంది, ఒక అంకె తప్పినా ఆపేవాళ్లు లేరు. అన్నీ సరిగ్గా కొట్టినా లింకు తిరిగి లేవకపోతే డ్రైవర్ కింద నుంచి కార్డు మాయమైపోతుంది, అప్పుడు ఆ సర్వర్‌లోకి వెళ్లడానికి మీకు నెట్‌వర్కే ఉండదు. పైగా బ్రిడ్జికి ఉన్నవే నాలుగు లేన్లయితే ఎన్నిసార్లు రీట్రెయిన్ చేసినా నాలుగే.

వేగం_కావాలి
సరే, రిమోట్ మెషిన్ అన్న సంగతి నేను ఆలోచించలేదు. ఆ సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

జీపీయూ_గది
నాదీ ఇలాంటిదే అనుకుంటున్నా. నాలుగు జీపీయూల సర్వర్, అన్నీ ఎక్స్16, నాలుగో తరం. సిస్ ఫైళ్లు ఇప్పుడే చదివాను, కరెంట్_లింక్_స్పీడ్ నాలుగింటిలోనూ 2.5జీటీ/ఎస్ అంటోంది! 16 రావాలి. విడ్త్ మాత్రం 16 సరిగ్గా ఉంది. నాలుగూ ఒకేసారి పాడవుతాయా?

లేన్_లెక్క
పాడవలేదు. పనిలేనప్పుడు జీపీయూలు కరెంటు ఆదా కోసం లింకు స్పీడు దించేసుకుంటాయి. ఏదైనా జాబ్ నడుస్తుండగా చదవండి, లేదా ఎన్విడియా-ఎస్ఎంఐ -క్యూ చూడండి, అందులో లింక్ జెన్ కరెంట్, మ్యాక్స్ రెండూ ఉంటాయి. నాకు తెలిసిన గుర్తు ఇది: ఖాళీగా ఉన్నప్పుడు స్పీడు తగ్గి విడ్త్ నిలబడితే సాధారణంగా పవర్ పొదుపే. విడ్త్ తగ్గి ఉంటే దాన్ని వదలొద్దు.

జీపీయూ_గది
నిజమే. ట్రైనింగ్ మొదలవగానే నాలుగూ 16కి ఎక్కాయి, ఆపిన కాసేపటికి మళ్లీ 2.5. ప్రాణం కుదుటపడింది.

వర్చువల్_వైపు
వర్చువల్ మెషిన్ లోపల చూసేవాళ్లకు ఒక మాట. అక్కడ ఈ అంకెలకు అర్థం లేదు. ఎస్ఆర్-ఐఓవీ పెట్టి కార్డు ముక్క ఒకటి లోపలికి ఇచ్చినా, ఆ వర్చువల్ ఫంక్షన్‌లో లింక్ స్టా స్పీడ్ అన్‌నోన్, విడ్త్ ఎక్స్0 అని వస్తుంది. పాడైందని మా వాళ్లు ఇద్దరు టికెట్లు తెరిచారు. లింకు అసలు కార్డుది, కాబట్టి హోస్ట్ మీద అసలు ఫంక్షన్‌నే చదవాలి.

రాత్రి_కాపలా
చెట్టు చూశాను. 18:00.0 పైన ఉన్న బ్రిడ్జి, అంటే ప్రాసెసర్ వైపు రూట్ పోర్టు, 17:00.0. దాని లింక్ క్యాప్‌లో స్పీడ్ 8జీటీ/ఎస్, విడ్త్ ఎక్స్4! లింక్ స్టా కూడా ఎక్స్4, అక్కడ డౌన్‌గ్రేడెడ్ అని లేదు, ఓకే అనే ఉంది. ఇంకోటి గమనించాను, 17:00.0 పక్కన 17:01.0, 17:02.0, 17:03.0 అని ఇంకో మూడు రూట్ పోర్టులు కనబడుతున్నాయి, మూడింటి కింద ఏమీ లేదు, మూడూ ఎక్స్4లే. ఎక్స్16 స్లాటు అయ్యుండి ఇలా ఎందుకు?

లేన్_లెక్క
నాలుగు పోర్టులు, ఒక్కోటి నాలుగేసి లేన్లు, మొత్తం పదహారు. మీ స్లాటు బయోస్‌లో నాలుగు ముక్కలుగా చీల్చి ఉంది, దీన్నే బైఫర్కేషన్ అంటారు. ఎన్‌వీఎంఈ (నేరుగా ఈ బస్‌కే తగిలే ఎస్‌ఎస్‌డీ) డ్రైవులు నాలుగు పట్టే క్యారియర్ కార్డు పెట్టినప్పుడు అలా చీలుస్తారు, ఒక్కో డ్రైవుకు నాలుగు లేన్లు. ఇప్పుడు అక్కడ ఉన్నది ఒకే కార్డు కాబట్టి మొదటి ముక్కకు తగులుకుని మిగతా మూడూ ఖాళీగా పడున్నాయి. ఆ స్లాటులో ఇంతకుముందు ఏముండేది?

రాత్రి_కాపలా
అవునండీ, సరిగ్గా అదే! రెండు నెలల క్రితం వరకు అందులో నాలుగు ఎన్‌వీఎంఈల క్యారియర్ ఉండేది, వేరే సర్వర్‌కి మార్చారు. ఖాళీ స్లాటు కదా అని ఈ కార్డు అందులో పెట్టాం. బయోస్ సంగతి ఎవరికీ తట్టలేదు. వారం నుంచి స్విచ్ వాళ్లతో వాదిస్తున్నాను, వాళ్లకు క్షమాపణ చెప్పాలి.

పాత_యూనిక్స్
డీమెసేజ్‌లో (కెర్నల్ సందేశాల చిట్టాలో) కూడా ఒకసారి చూడండి. కొత్త కెర్నళ్లలో చాలా నెట్‌వర్క్ డ్రైవర్లు బూట్ అప్పుడే ఈ సంగతి చెప్పేస్తాయి. అవైలబుల్ పీసీఐఈ బ్యాండ్‌విడ్త్, లిమిటెడ్ బై అన్న మాటలతో వెతకండి.

రాత్రి_కాపలా
ఉంది! 31.504 జీబీ/ఎస్ అవైలబుల్, 0000:17:00.0 దగ్గర ఎక్స్4 లింకు వల్ల పరిమితమైంది, 63.008 వరకు చేతనవుతుంది, అని కార్డు వేసిన రోజు రాత్రి బూట్‌లోనే రాసుంది. పోర్టు అడ్రస్‌తో సహా చెప్పింది.

కేబుల్_చూడు
డిస్కులకూ ఇదే పద్ధతి పనికొస్తుంది. సాటా అయితే స్మార్ట్‌సీటీఎల్ -ఐ కొట్టండి, సాటా వెర్షన్ లైనులో 6.0 అని, పక్కన కరెంట్ 3.0 అని ఉంటే లింకు దిగిపోయినట్టే. మా దగ్గర రెయిడ్‌లో ఒకే డిస్కు ఇలా 3కి పడిపోయింది. డీమెసేజ్ వెనక్కి తిప్పితే మొదట 6.0 మీద లింక్ అప్, తర్వాత వరసగా ఎర్రర్లు, హార్డ్ రీసెట్, ఆ తర్వాత 3.0 మీద లింక్ అప్. ఎర్రర్లు ఎక్కువైతే కెర్నల్ తనే స్పీడు దించి నిలబెడుతుంది. డిస్కు బాగానే ఉంది, కేబుల్ మార్చాక మళ్లీ 6. ఎస్ఏఎస్ డిస్కుల వాళ్లకు సిస్ కింద క్లాస్, ఎస్ఏఎస్_ఫై ఫోల్డర్లలో నెగోషియేటెడ్_లింక్‌రేట్ అన్న ఫైలు ఉంటుంది.

కొత్త_అడ్మిన్
మెమరీ బస్ కూడా ఇలా చూడొచ్చా? డీఎంఐడీకోడ్ -టీ మెమరీలో స్పీడ్ 3200, కాన్ఫిగర్డ్ మెమరీ స్పీడ్ 2666 అని వస్తోంది. పైన డీఎంఐడీకోడ్ నమ్మొద్దన్నారు కాబట్టి అడుగుతున్నా.

లేన్_లెక్క
మంచి ప్రశ్న. నేను అన్నది పీసీఐ లింకు గురించి. మెమరీ స్పీడు బయోసే బూట్‌లో నిర్ణయించి పెడుతుంది, తర్వాత మామూలుగా మారదు, కాబట్టి అక్కడ ఆ పట్టిక చాలావరకు నమ్మొచ్చు. 3200 అన్నది మెమరీ స్టిక్ మీద రాసున్న చేవ, 2666 అన్నది నిజంగా పెట్టిన స్పీడు. మీ సీపీయూ స్కైలేక్ తరం జియాన్ స్కేలబుల్ అయితే అది 2666 దాటదు, మీరు ఎంత వేగం స్టిక్ పెట్టినా అంతే. ఒకే ఛానెల్ మీద రెండో స్టిక్ పెడితే స్పీడు తగ్గే మోడళ్లూ ఉన్నాయి. ఆ అంకె ఎంటీ/ఎస్‌లో (సెకనుకు మెగా ట్రాన్స్‌ఫర్లలో) ఉంటుంది, గడియారం అందులో సగం, 1333 మెగాహెర్ట్జ్. వేరే టూల్‌లో 1333 కనబడితే సగమైపోయిందని అనుకోకండి.

స్పీడు కంటే ముందు లొకేటర్ లైన్లు (ఏ స్టిక్ ఏ స్లాటులో ఉందో చెప్పేవి) చూడండి. ఆ తరం జియాన్‌లో సీపీయూకి ఆరు మెమరీ ఛానెళ్లు. నాలుగు స్టిక్కులే పెట్టి రెండు ఛానెళ్లు ఖాళీగా వదిలేసిన సర్వర్లు నేను చాలా చూశాను, అక్కడ పోయే బ్యాండ్‌విడ్త్ ముందు 3200కీ 2666కీ ఉన్న తేడా చిన్నది.

రాత్రి_కాపలా
ఆదివారం తెల్లవారుజామున మెయింటెనెన్స్‌కి రెండు గంటలు దొరికాయి. బయోస్‌లో ఆ స్లాటు బైఫర్కేషన్ ఎక్స్4ఎక్స్4ఎక్స్4ఎక్స్4 అనే ఉంది, ఆటో పెట్టి సేవ్ చేశాను. మూత తీయలేదు. ఇప్పుడు 17:00.0 లింక్ క్యాప్ ఎక్స్16, కార్డు లింక్ స్టా ఎక్స్8 ఓకే, చెట్టులో మిగతా మూడు పోర్టులు పోయాయి. డీమెసేజ్‌లో 63.008. ఐపెర్ఫ్3 రెండు పోర్టులూ ఒకేసారి, 23.4, 23.4, మొత్తం 46.8. నిన్న రాత్రి బ్యాకప్ నాలుగు గంటల ముందే అయిపోయింది. లేన్_లెక్క గారికి, పెద్దాయనకి చాలా థ్యాంక్స్.

ఇది మళ్లీ జరగకుండా అన్ని సర్వర్లలో కరెంట్_లింక్_విడ్త్, మ్యాక్స్_లింక్_విడ్త్ పోల్చి తేడా ఉంటే అలర్ట్ పంపే స్క్రిప్టు రాద్దామనుకుంటున్నా.

లేన్_లెక్క
సంతోషం. స్క్రిప్టు రాయండి కానీ మ్యాక్స్‌తో పోలిస్తే రోజూ దొంగ అలర్టులు వస్తాయి. ఎక్స్16 కార్డును తెలిసే ఎక్స్8 స్లాటులో పెట్టుకున్నవి ఉంటాయి, జీపీయూలు ఖాళీగా ఉన్నప్పుడు దిగుతాయి. ప్రతి సర్వర్‌కీ ఒకసారి కూర్చుని ఏ అడ్రస్‌లో ఎంత ఉండాలో రాసిపెట్టి, దానితో పోల్చండి. హార్డ్‌వేర్ మార్చిన ప్రతిసారీ ఆ ఫైలు మార్చాలి.

కొత్త_అడ్మిన్
నేను మా 40 సర్వర్ల మీద సిస్ ఫైళ్లు చదివి చూశాను. ఒకదానిలో ఒక ఎన్‌వీఎంఈ ఎక్స్4 కావలసింది ఎక్స్2లో ఉంది. పైన ఉన్న బ్రిడ్జి ఎక్స్4, అంటే మీరు చెప్పిన మొదటి రకం. అదే ఫోల్డర్‌లో ఏఈఆర్_డెవ్_కరెక్టబుల్ అన్న ఫైలు కూడా ఉంటే తెరిచాను, బ్యాడ్‌టీఎల్‌పీ (పాడై చేరిన డేటా ముక్కలు) 412 ఉంది. గంట తర్వాత చూస్తే 431.

లేన్_లెక్క
పెరుగుతోందంటే కాంటాక్టు సమస్యే అయ్యుండాలి. ఆ ఎర్రర్లను లింకు తనే మళ్లీ పంపించి సరిదిద్దుకుంటోంది కాబట్టి డేటా ఇప్పటికి భద్రం, కానీ ఎన్నాళ్లో చెప్పలేం. ముందు ఆ డ్రైవ్ మీద డేటాకు ఇంకో కాపీ ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఈ రాత్రే తీయండి, తర్వాతే డ్రైవ్ ఊడదీసి మళ్లీ గుచ్చడం.

కొత్త_అడ్మిన్
కాపీ లేదు. ఇప్పుడే మొదలుపెట్టాను, అయ్యాక ఇక్కడే రాస్తాను.